కారు బ్రేకులు అప్‌గ్రేడ్ చేయిస్తున్నారా? ఎర్ర క్యాలిపర్ కొనే ముందు బ్రేక్ ఆయిల్ సంగతి చూడండి.. చిన్న టర్బో కార్లకు పూర్తి గైడ్

చిన్న కారు, టర్బో ఇంజిన్. యాక్సిలరేటర్ నొక్కితే సీటుకు వీపు అతుక్కుపోతుంది. మరి ఆ వేగాన్ని ఆపే సంగతి? సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పోలో జీటీ టీఎస్ఐ లాంటి కార్లు కొన్న కుర్రాళ్లలో చాలా మంది మొదట చేయించేది ఇంజిన్ రీమ్యాప్. ఆ తర్వాత గుర్తొచ్చేది బ్రేకులు. అప్పుడు కంటికి కనిపించేది చక్రం లోపల మెరిసే ఎర్ర క్యాలిపర్, దాని మీద పెద్ద అక్షరాల్లో బ్రాండ్ పేరు.

అయితే బ్రేక్ అప్‌గ్రేడ్‌లో కంటికి కనిపించే భాగం ఎప్పుడూ ఆఖరి మెట్టే. వరస తప్పితే డబ్బులు పోవడమే కాదు, కొన్నిసార్లు కారు ముందుకన్నా ఎక్కువ దూరం వెళ్లి ఆగే ప్రమాదం ఉంది. ఏది ముందు మార్చాలి, ఏది అవసరం లేదు, చట్టం ఏం చెబుతోంది, ఘాట్ రోడ్డులో ఏం జరుగుతుంది.. అన్నీ ఈ స్టోరీలో చూద్దాం.

ముఖ్యాంశాలు

* బ్రేక్ చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. అప్‌గ్రేడ్ అంటే ప్రధానంగా ఆ వేడిని తట్టుకునే శక్తి పెంచుకోవడం.
* ఒక్క పానిక్ బ్రేక్‌లో కారు ఎంత దూరంలో ఆగుతుందో ఎక్కువగా తేల్చేది టైర్లు.
* ఖర్చు పెట్టాల్సిన వరస: టైర్లు, బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, డిస్కులు. పెద్ద బ్రేక్ కిట్ చివరిది.
* ముందు చక్రాలకు మాత్రమే పెద్ద కిట్ వేస్తే ముందు వెనక బ్రేకుల బ్యాలెన్స్ చెడొచ్చు.
* అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టంలో జరిమానా, జైలు రెండూ ఉన్నాయి.

బ్రేక్ అసలు ఏం చేస్తుంది?

పరుగెత్తే కారులో శక్తి ఉంటుంది. కారు ఆగాలంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి. ప్యాడ్లు డిస్కును పట్టుకున్నప్పుడు అది వేడిగా మారి గాలిలో కలుస్తుంది. బ్రేకు చేసేది ఇదే.

లెక్క చూద్దాం. డ్రైవర్‌తో కలిపి 1200 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకోండి. దాన్ని పూర్తిగా ఆపాలంటే సుమారు 4.6 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. లీటరున్నర నీళ్లను పొయ్యి మీద పెట్టి మరిగించడానికి పట్టే వేడి ఇది. స్టవ్ మీద దానికి నిమిషాలు పడుతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే కారులో అది మూడున్నర సెకన్లలో అయిపోతుంది.

దాన్ని ఇంజిన్ పవర్ లెక్కలో చెప్పుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ మూడున్నర సెకన్లలో బ్రేకులు చేసే పని సగటున 178 పీఎస్‌కు సమానం. 2013లో మన దేశంలో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ 1.2 లీటర్ ఇంజిన్ ఇచ్చేది 105 పీఎస్. అంటే కంపెనీ బ్రేకులు ఆ ఇంజిన్ కంటే చాలా బలమైనవే. ఒక్కసారి ఆపడం వాటికి సమస్యే కాదు.

ఆ వేడిలో సుమారు 70 శాతం ముందు డిస్కులకే వెళ్తుంది. ఎందుకంటే బ్రేక్ వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది. ఒక్కో డిస్కు 5 కిలోలు ఉందనుకుంటే ఒక్క స్టాప్‌కు అది సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారేలోపే మళ్లీ ఆపితే ఇంకో 65. మళ్లీ ఆపితే ఇంకో 65. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో విషయం. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 100 నుంచి 120కి వెళ్తే వేగం 20 శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది కానీ బ్రేకుల మీద పడే పని 44 శాతం పెరుగుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట్ల 120 మీద వెళ్లేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

కొండ దిగితే.. 100 మీద నుంచి పదిసార్లు ఆపినట్టే

మామూలుగా ఊళ్లో తిరిగే కారుకు బ్రేకులు వేడెక్కి విఫలమయ్యే పరిస్థితి దాదాపు రాదు. ఆ పరిస్థితి వచ్చేది రెండు చోట్ల. ఒకటి రేస్ ట్రాక్. రెండోది ఘాట్ రోడ్డు. మన వాళ్లలో ట్రాక్‌కు వెళ్లేవాళ్లు కొద్దిమందే. ఘాట్ దిగనివాళ్లు మాత్రం అరుదు. తిరుమల, అరకు, శ్రీశైలం, మారేడుమిల్లి.. ఏదో ఒక దారి అందరికీ తెలిసిందే.

తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు కారు 600 మీటర్లకు పైగా కిందికి వస్తుంది. ఆ ఎత్తులో దాగిన శక్తిని లెక్కేస్తే, 100 కిలోమీటర్ల వేగం నుంచి 15 సార్లు పూర్తిగా ఆపినంత అవుతుంది. టైర్ల రాపిడి, గాలి కలిసి మూడో వంతు తీసుకున్నా ఇంకా 10 స్టాపుల వేడి మిగులుతుంది. కారు బరువు ఎంతైనా ఈ పోలిక మారదు. కాకపోతే ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా లగేజీ ఉంటే ప్రతి స్టాప్‌లోనూ వేడి ఎక్కువ.

నెమ్మదిగా, గేర్‌లో దిగితే ఈ వేడిలో పెద్ద భాగాన్ని ఇంజిన్ తీసుకుంటుంది. మిగిలింది గాలిలో కలవడానికి టైమ్ దొరుకుతుంది. న్యూట్రల్‌లో వేసి, పెడల్ మీద కాలు ఆనించుకుని దిగితే మొత్తం భారం ప్యాడ్ల మీదే. ఎంత ఖరీదైన బ్రేకులున్నా అప్పుడు కష్టమే.

ఆపేది బ్రేకా? టైరా?

రెండూ. కానీ హద్దు గీసేది టైరే. బ్రేకు చక్రాన్ని ఆపగలదు, రోడ్డు మీద కారును ఆపేది మాత్రం టైరు పట్టు. మీరు గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పెడల్ కింద గరగరమని ఏబీఎస్ కొడుతోందా? అయితే బ్రేకుల దగ్గర కావాల్సినంత బలం ఉందని, టైరే ఇక పట్టలేకపోతోందని అర్థం. అక్కడ ఇంకా పెద్ద క్యాలిపర్ పెట్టినా ఒక్క మీటరు కూడా కలిసిరాదు.

100 కిలోమీటర్ల వేగంలో మంచి టైర్లతో పొడి రోడ్డు మీద కారు సుమారు 49 మీటర్లలో ఆగుతుంది. అదే తడి రోడ్డు మీద పట్టు తగ్గితే 79 మీటర్లు పట్టొచ్చు. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదకు వెళ్లడానికి పట్టే ఒక్క సెకనులో కారు వెళ్లే 28 మీటర్లు దీనికి అదనం. అరిగిన టైర్లు, ఐదారేళ్లకు రబ్బరు గట్టిపడిన టైర్లు ఉన్న కారుకు బ్రేక్ కిట్ వేయించడం, చిల్లు కుండకు మూత కొన్నట్టే.

అందుకే మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టండి. కంపెనీ చెప్పిన సైజులో, సరైన లోడ్, స్పీడ్ రేటింగ్ ఉన్న మంచి గ్రిప్ టైర్లు చాలు. గాలి సరిగ్గా ఉందో లేదో రెండు వారాలకోసారి చూసుకోవాలి.

మార్చే ముందు.. జబ్బేంటో తెలుసుకోండి

"బ్రేకులు బాలేవు" అని షెడ్డుకు వెళ్తే ఏదో ఒకటి మార్చి పంపుతారు. లక్షణాన్ని బట్టి కారణం మారుతుంది. ఇవి గమనించండి.

* పెడల్ ఎప్పుడూ మెత్తగా, స్పాంజిలా ఉంటే: లైన్లలో గాలి చేరి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ పాతబడి ఉండొచ్చు. రబ్బరు హోస్ పైపులు వదులై ఉబ్బుతుండొచ్చు.
* మామూలుగా బాగుండి, ఘాట్ దిగాక పెడల్ ఒక్కసారిగా కిందికి పోతే: ఆయిల్ మరిగింది. ఇది అన్నిటికన్నా ప్రమాదం.
* పెడల్ గట్టిగానే ఉంది, కానీ కారు ఆగట్లేదు, కాలిన వాసన వస్తోంది: ప్యాడ్లు ఫేడ్ అయ్యాయి. అంటే వేడికి ప్యాడ్ పట్టు తగ్గింది.
* పెడల్ రాయిలా గట్టిపడి, చాలా బలం పెట్టాల్సి వస్తే: వ్యాక్యూమ్ బూస్టర్ లేదా పంప్ దగ్గర లోపం. 2023 ఏప్రిల్‌లో మారుతీ సుజుకీ 7,213 బాలెనో ఆర్‌ఎస్ కార్లను రీకాల్ చేసింది బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ పంప్ గురించే.
* బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంటే: డిస్కు మందం అన్ని చోట్లా సమానంగా లేదు, లేదా ప్యాడ్ మెటీరియల్ డిస్కుకు గడ్డలుగా అంటుకుంది.
* కారు ఒక పక్కకు లాగుతుంటే: క్యాలిపర్ పిస్టన్ లేదా స్లైడ్ పిన్ బిగుసుకుని ఉండొచ్చు.

ఈ ఆరింటిలో ఏ ఒక్కదానికీ పెద్ద క్యాలిపర్ మందు కాదు. ముందు ఉన్న బ్రేకుల్ని కొత్తవాటిలా పనిచేసేట్టు చేయించండి. చాలా కార్లకు అక్కడితోనే సమస్య తీరిపోతుంది.

మెట్టు 1: బ్రేక్ ఆయిల్.. తక్కువ ఖర్చు, ఎక్కువ రక్షణ

పెడల్ నొక్కితే ఆ బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్లేది ద్రవం. ద్రవం నొక్కుకుపోదు కాబట్టే బ్రేకు పనిచేస్తుంది. అది మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పడదు.

చిక్కేంటంటే ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ మరిగే స్థాయి పడిపోతుంది. అమెరికా రవాణా శాఖ ప్రమాణాల ప్రకారం కనీస అంకెలు ఇవి. మొదటిది కొత్త ఆయిల్‌కు, రెండోది సుమారు 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కు.

* డాట్ 3: 205 డిగ్రీలు, 140 డిగ్రీలు
* డాట్ 4: 230 డిగ్రీలు, 155 డిగ్రీలు
* డాట్ 5.1: 260 డిగ్రీలు, 180 డిగ్రీలు

గమనించారా? మార్చకుండా వదిలేసిన డాట్ 4 కన్నా, కొత్తగా పోసిన డాట్ 3 మెరుగు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువున్న ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం. కారు తక్కువ తిరిగిందని ఆయిల్ మార్చకపోవడం పొరపాటు. తేమకు కిలోమీటర్లతో పని లేదు, కాలంతోనే పని. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. ఘాట్లు ఎక్కువ తిరిగేవాళ్లు ఏటా మార్చినా తప్పులేదు.

రెండు జాగ్రత్తలు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, అది వేరే రకం. పేరు దగ్గరగా ఉందని 5.1 బదులు పోయొద్దు, మిగతావాటితో కలపొద్దు. ఏబీఎస్ కార్లకు అది పనికిరాదు. అలాగే ఏబీఎస్, ఈఎస్‌పీ ఉన్న కార్లకు పలచటి ఆయిల్ కావాలి. ఎక్కువ డిగ్రీల రేసింగ్ ఆయిల్ చిక్కగా ఉంటే ఆ వ్యవస్థ స్పందన మందగిస్తుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ చూసి, దానికి సరిపోయేదే తీసుకోండి. సీల్ తీసి చాలా రోజులైన డబ్బాలోది పోయనివ్వకండి.

మెట్టు 2: ప్యాడ్లు.. రోడ్డుకు రేస్ ప్యాడ్ వద్దు

ఒకే క్యాలిపర్, ఒకే డిస్కు ఉంచి ప్యాడ్ మార్చినా బ్రేకింగ్ తీరు మారిపోతుంది. డబ్బుకు తగ్గ ఫలితం బాగా కనిపించేది ఇక్కడే.

ప్యాడ్ అంచు మీద ముద్రించిన కోడ్‌లో చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కన్నా రెండోది తక్కువ స్థాయిలో ఉంటే ఆ ప్యాడ్ వేడెక్కాక పట్టు తగ్గుతుందని సూచన. రోడ్డు మీద వేగంగా నడిపే కారుకు 'ఎఫ్ఎఫ్' ఉన్న మంచి బ్రాండ్ ప్యాడ్ సరిపోతుంది.

రేస్ ప్యాడ్ వేస్తే ఇంకా మంచిది కదా అని కొందరు అడుగుతారు. కాదు. రేస్ ప్యాడ్ పనిచేయాలంటే ముందు బాగా వేడెక్కాలి. ఉదయం ఇంట్లోంచి బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే అది చల్లగానే ఉంటుంది, పట్టు తక్కువ ఉంటుంది. పైగా కీచుమనే శబ్దం, చక్రాల నిండా నల్లటి దుమ్ము, త్వరగా అరిగే డిస్కు. వాన పడుతున్న రోజు ఊళ్లో అలాంటి ప్యాడ్ ప్రాణాల మీదకు తెస్తుంది.

యూరప్ ప్రమాణం ఈసీఈ ఆర్90 గుర్తు ఉన్న ప్యాడ్లు కంపెనీ ప్యాడ్లకు దగ్గరగా పనిచేస్తాయని పరీక్షించినవి. ప్యాడ్ల మార్కెట్లో నకిలీలు ఎక్కువ. బాక్సు అందంగా ఉన్నంత మాత్రాన సరుకు అసలుది కాదు. అధీకృత డీలర్ బిల్లు తీసుకోండి, బాక్సు మీద కోడ్ ఉంటే స్కాన్ చేసి చూడండి. సగం ధరకు వస్తోందంటే అనుమానించాల్సిందే.

మెట్టు 3: డిస్కులు, హోస్ పైపులు

డిస్కు పని వేడిని దాచుకుని, గాలికి వదలడం. అందుకే దానికి బరువు, మధ్యలో గాలి సందులు ముఖ్యం. డిస్కు అంచు మీదో, మధ్య భాగం మీదో కనీస మందం ముద్రించి ఉంటుంది. అంతకన్నా అరిగితే లేత్ పట్టించకుండా మార్చేయాలి. పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది, పగుళ్లిస్తుంది.

చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. కానీ చిల్లు పెట్టడం అంటే లోహం తీసేయడమే. అంటే వేడి దాచుకునే శక్తి కాస్త తగ్గుతుంది. నాసిరకం డిస్కుల్లో ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. గీతల డిస్కులు ప్యాడ్ ఉపరితలాన్ని శుభ్రంగా ఉంచుతాయి, బదులుగా ప్యాడ్‌ను త్వరగా అరగదీస్తాయి. రోడ్డు కారుకు మంచి కంపెనీ మామూలు వెంటిలేటెడ్ డిస్కే ఉత్తమం.

స్టీల్ అల్లిక ఉన్న హోస్ పైపులు వేస్తే పెడల్ గట్టిగా, స్పష్టంగా అనిపిస్తుంది. ఆగే దూరం తగ్గుతుందని మాత్రం ఆశించొద్దు. పాత రబ్బరు పైపులు పగుళ్లిచ్చి ఉంటే ఎలాగూ మార్చాలి కాబట్టి అప్పుడు ఆలోచించొచ్చు. స్టీరింగ్ ఒక కొస నుంచి మరో కొసకు తిప్పినప్పుడు పైపు టైరుకు, సస్పెన్షన్‌కు రాసుకోకుండా ఉందో లేదో తప్పకుండా చూడాలి.

మెట్టు 4: పెద్ద బ్రేక్ కిట్.. ఎవరికి అవసరం?

పోలో జీటీ టీఎస్ఐనే ఉదాహరణగా తీసుకుందాం. దీనికి ముందు 256 మిల్లీమీటర్ల వెంటిలేటెడ్ డిస్కులు, వెనక డ్రమ్ములు. కారు బరువు సుమారు 1100 కిలోలు. 2020లో వచ్చిన 1.0 టీఎస్ఐ ఇంజిన్ 110 పీఎస్ ఇచ్చేది. 2022లో పోలో ఉత్పత్తి ఆగిపోయింది కానీ అభిమానులు తగ్గలేదు.

ఈ కార్ల యజమానుల్లో ఎక్కువగా వినిపించే మాట 288 డిస్క్ అప్‌గ్రేడ్. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోని పెద్ద కార్లలో వాడిన 288 మిల్లీమీటర్ల డిస్కులు, వాటి క్యాలిపర్లు తెచ్చి బిగించడం. దీంతో లాభం ఉంది. డిస్కు పెద్దది, బరువైనది కాబట్టి ఎక్కువ వేడి తట్టుకుంటుంది. చక్రం మధ్య నుంచి ప్యాడ్ దూరం పెరగడంతో అదే బలానికి ముందు చక్రాలను ఆపే శక్తి 12 శాతానికి పైగా పెరుగుతుంది.

అసలు మెలిక ఆ పెరుగుదలలోనే ఉంది. ముందు బ్రేకులు బలపడ్డాయి, వెనకవి అలాగే ఉన్నాయి. కంపెనీ ఇంజినీర్లు ముందు వెనక మధ్య పెట్టిన బ్యాలెన్స్ ముందుకు జరిగింది. తడి రోడ్డు మీద ముందు టైర్లు త్వరగా పట్టు కోల్పోయి ఏబీఎస్ ముందే మొదలవుతుంది. వెనక టైర్లు చేయగలిగిన పని పూర్తిగా చేయకుండానే ఉండిపోతాయి. ఆగే దూరం తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. క్యాలిపర్ పిస్టన్లు కూడా పెద్దవైతే, పాత మాస్టర్ సిలిండర్ నుంచి ఎక్కువ ఆయిల్ వెళ్లాలి కాబట్టి పెడల్ ఇంకా లోపలికి దిగుతుంది.

ఇంకా కొన్ని చూసుకోవాలి. 14 అంగుళాల చక్రంలో 288 డిస్కు పట్టదు. 15 అంగుళాల చక్రాల్లోనూ కొన్ని డిజైన్లలో క్యాలిపర్ రాసుకుంటుంది. స్టెప్నీ చక్రం కూడా ముందు పట్టాలి. రాత్రిపూట హైవే మీద పంక్చరై, స్టెప్నీ ఎక్కకపోతే అప్పుడు తెలుస్తుంది అసలు ఖర్చు. సెకండ్ హ్యాండ్ క్యాలిపర్ అయితే సీళ్లు, పిస్టన్లు, స్లైడ్ పిన్లు కొత్తవి వేయించకుండా బిగించొద్దు.

మరి ఎవరికి అవసరం? ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాక్‌లకు తరచూ వెళ్లి, మంచి ఆయిల్, మంచి ప్యాడ్లు వేశాక కూడా బ్రేకులు ఫేడ్ అవుతున్నవాళ్లకు. రోజూ ఆఫీసుకు, నెలకోసారి ఊరికి వెళ్లేవాళ్లకు దాదాపు అవసరం లేదు.

వెనక డ్రమ్ తీసేసి డిస్క్ వేయాలా?

"నాలుగు డిస్కులుంటేనే స్పోర్ట్స్ కారు" అనే మాట బాగా వినిపిస్తుంది. నిజమే, 145 పీఎస్ అబార్త్ పుంటో, బాలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్ లాంటివి నాలుగు డిస్కులతోనే వచ్చాయి. వాటికి మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ ప్రోగ్రామ్, హ్యాండ్ బ్రేక్ అన్నీ దానికి తగ్గట్టు కంపెనీలోనే కుదిర్చారు.

డ్రమ్ కారుకు బయట డిస్క్ వేయించడం వేరే సంగతి. వెనక చక్రాలు చేసేది సుమారు 30 శాతం పనే కాబట్టి వచ్చే లాభం తక్కువ. రిస్క్ మాత్రం ఎక్కువ. లెక్క తప్పి వెనక బ్రేకు అతిగా పడితే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కారు వెనక భాగం తిరిగిపోతుంది. ఏబీఎస్ కొంతవరకే కాపాడగలదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ సరిగ్గా కుదరకపోతే వాలులో నిలిపిన కారు జారిపోతుంది. డ్రమ్ములో దుమ్ము దులిపించి, షూలు, వీల్ సిలిండర్ బాగున్నాయో చూసి, అడ్జస్ట్ చేయిస్తే చాలు.

చట్టం ఏం చెబుతోంది? బీమా వస్తుందా?

అరిగిన ప్యాడ్లు, డిస్కులు, ఆయిల్‌ను కంపెనీ స్పెసిఫికేషన్‌కు సమానమైన వాటితో మార్చడం మామూలు సర్వీసు కిందకే వస్తుంది. క్యాలిపర్, డిస్కు సైజు మార్చడం, డ్రమ్‌ను డిస్క్ చేయడం వేరు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనంలో మార్పులను కట్టడి చేస్తుంది. తయారీ కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బీమా సంగతి కూడా మర్చిపోవద్దు. కారులో చేసిన మార్పు చెప్పకుండా దాచితే, ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. బ్రేకు లాంటి భద్రతా వ్యవస్థలో మార్పు అయితే సర్వేయర్ కళ్లు ముందు అక్కడే పడతాయి. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌లోనూ అడగండి.

షెడ్డులో దగ్గరుండి చూసుకోవాల్సినవి

బ్రేకు పని ఫోన్లో చెప్పి వదిలేసే పని కాదు. వీలైతే దగ్గరుండండి.

* పాత ఆయిల్ పూర్తిగా తీసి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీశారా? డబ్బాలో పైపైన నింపితే లాభం లేదు.
* స్లైడ్ పిన్లు తీసి తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజే పెట్టారా? మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బేలా చేస్తుంది.
* క్యాలిపర్‌ను హోస్ పైపుకు వేలాడదీశారా? అలా చేస్తే పైపు లోపల దెబ్బతింటుంది. తీగతో కట్టాలి.
* ప్యాడ్లు ఎప్పుడూ జతగా, రెండు పక్కలా మార్చాలి.
* బోల్టులు, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించారా?
* ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. లేదంటే రంగు ఊడిపోతుంది.
* కారు కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కాలి. ప్యాడ్లు మార్చాక మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు పోవడం సహజం. ఇది తెలియక షెడ్డు గేటు దగ్గరే గుద్దినవాళ్లున్నారు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడం కూడా పనిలో భాగమే. దీన్నే బెడ్డింగ్ అంటారు. ప్యాడ్ కంపెనీ చెప్పిన పద్ధతే పాటించాలి. సాధారణంగా ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆపకుండా, మధ్యస్థంగా 8 నుంచి 10 సార్లు తగ్గించి, తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేక్ వేయకుండా చల్లారనివ్వాలి. వేడి మీద ఆపి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి వణుకు మొదలవుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఇవి పాటించండి

* ఏ గేర్‌లో ఎక్కాల్సి వస్తుందో దాదాపు అదే గేర్‌లో దిగండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి తక్కువ గేర్ ఎంచుకోండి.
* న్యూట్రల్ వద్దు, ఇంజిన్ ఆపడం అసలే వద్దు. ఇంజిన్ ఆగితే బూస్టర్ సాయం రెండు మూడు నొక్కులకే అయిపోతుంది.
* పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా తగ్గించి వదిలేయండి. వదిలిన టైమ్‌లోనే డిస్కు చల్లారుతుంది.
* కాలిన వాసన వస్తే, పెడల్ లోపలికి దిగుతుంటే చోటు చూసి ఆపండి. కనీసం 20, 30 నిమిషాలు ఆగండి. చక్రాల మీద నీళ్లు పోయొద్దు, డిస్కు పగులుతుంది.
* పెడల్ పూర్తిగా పోతే వెంటవెంటనే పంప్ చేయండి, ఒక్కో గేర్ తగ్గించండి, హ్యాండ్ బ్రేక్‌ను బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. కేబుల్ హ్యాండ్ బ్రేక్‌కు ఆయిల్‌తో సంబంధం లేదు, కాబట్టి అది పనిచేస్తుంది.

తరచూ అడిగే ప్రశ్నలు

రీమ్యాప్ చేయించాను, బ్రేకులు కూడా మార్చాలా?
పవర్ పెరిగిందని బ్రేకుల మీద భారం దానంతట అది పెరగదు. మీరు వెళ్లే వేగం, ఎన్నిసార్లు ఆపుతున్నారు అనేదాన్ని బట్టి పెరుగుతుంది. ఆయిల్, ప్యాడ్లు కొత్తవి వేయించండి. రీమ్యాప్ కూడా అనుమతి, వారంటీ, బీమా ప్రశ్నల కిందకే వస్తుందని గుర్తుంచుకోండి.

క్యాలిపర్‌కు ఎర్ర రంగు వేయించొచ్చా?
వేడి తట్టుకునే రంగే వాడాలి. పిస్టన్, రబ్బరు బూట్లు, స్లైడ్ పిన్లు, ప్యాడ్ కూర్చునే చోట రంగు పడకూడదు. దానివల్ల బ్రేకింగ్‌లో మార్పేమీ రాదు. క్యాలిపర్ మీద బిగించే ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు. అవి గాలిని అడ్డుకుంటాయి, ఊడిపోయి చక్రంలో ఇరుక్కునే ప్రమాదమూ ఉంది.

ఏబీఎస్ లేని పాత కారుకు గట్టి ప్యాడ్లు వేయొచ్చా?
మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకుముందు కొన్న కొన్ని కార్లకు అది ఉండదు. అలాంటి వాటిలో బ్రేక్ బలం పెంచితే చక్రాలు ఇంకా త్వరగా లాక్ అవుతాయి. వాటికి కంపెనీ ప్యాడ్లు, మంచి టైర్లే శ్రేయస్కరం.

చివరిగా ఒక మాట. డబ్బు చేతిలో ఉంటే టైర్లతో మొదలుపెట్టండి. లేదంటే బ్రేక్ ఆయిల్‌తో మొదలుపెట్టండి, దానికి అయ్యే ఖర్చు ఒక ఫుల్ ట్యాంక్ పెట్రోలు కన్నా తక్కువే. మీ కారుకు ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే, వచ్చే ఘాట్ ప్రయాణానికి ముందే షెడ్డుకు వెళ్లి రండి.